ఎండవేడి, ఉక్కపోత: రాష్ట్రేతరాంధ్రుల ఇండ్లలో చల్లదనపు చరిత్ర

తెలుగు సీమకు వెలుపల చిరకాలముగా స్థిరపడిన మనవారిని గూర్చి వ్రాయువారు సాధారణముగా వారి భాషను గూర్చి, బడులను గూర్చి, పెండ్లి తంతులను గూర్చి వ్రాయుచుందురు. నేను ఈ వ్యాసమున వారి వేసవిని గూర్చి వ్రాయదలచితిని. షోలాపురములోని తెలుగువాని వేసవి వేరు, యానాములోని తెలుగువాని వేసవి వేరు. బళ్ళారిది ఒక తీరు, బరంపురముది మరియొక తీరు. ఒకే ఇంటిపేరు గల అన్నదమ్ములు ఈ రెండు తీరుల వేసవులలోను కాపురములు చేయుచుండుటచే, ఒకచోట అనుభవముపై చెప్పిన సలహా మరియొకచోట కీడు చేయుట కూడ కలదు. అట్టిది మా ఇంటనే జరిగినది.

మా మేనత్తగారు యానాములో గౌతమీ గోదావరి గట్టునకు సమీపమున ఒక పాత పెంకుటింట ఉండెడివారు. అప్పటికి వారికి ఎనుబది యేండ్లు నిండవచ్చినవి. వారి కుమారుడు, అనగా మా బావ, ఉద్యోగరీత్యా షోలాపురమున స్థిరపడినవాడు. అక్కడ తన ఇంట మే నెలను సుఖముగా గడుపుటకు తోడ్పడిన నీటి కూలరు వంటిదే ఒకటి కొని, తల్లికొరకు లారీలో పంపెను. అది వచ్చిన దినమున పడమటి గాలి వీచుచుండెను. కూలరు తిప్పినంతనే గది చల్లబడెను. అత్తగారు కొడుకును దీవించిరి. మూడవనాటికి పడమటి గాలి తగ్గి సముద్రపు గాలి మళ్ళెను. చల్లదనము బయటికి పోకూడదని కిటికీలు మూసి, కూలరు తిప్పుచు పండుకొనిరి. దుప్పట్లు చెమ్మగిల్లెను, వంటింటిలో ఉప్పు నీరుకారెను, అగ్గిపుల్ల గీసిన వెలుగలేదు. తెల్లవారుజామున అత్తగారికి కండ్లు తిరిగి, మాట తడబడెను. వచ్చిన వైద్యుడు మందు పెట్టెను తెరచుటకు ముందు కూలరు ఆర్పించి కిటికీలు తెరిపించెను. “అమ్మగారి ఒంటికి చెమట పట్టుచున్నది గాని ఆరుటలేదు” అని ఆయన చెప్పిన ఆ ఒక్క మాటలోనే ఈ వ్యాసమునకు కావలసిన శాస్త్రమంతయు ఉన్నది.

ఆ యంత్రమునందు దోషము లేదు. పంపిన వాని ప్రేమయందును దోషము లేదు. షోలాపురపు వేసవిలో పగటి వేడి 42 డిగ్రీలకు పోయినను, గాలిలో తేమ నూటికి 15 పాళ్ళే ఉండు దినములు కలవు. అట్టి గాలిలో తడిగుడ్డ చుట్టిన ఉష్ణమాపకము సుమారు 22 డిగ్రీలు మాత్రమే చూపును. దీనిని తడిబల్బు ఉష్ణోగ్రత యందురు. నీటిని ఆవిరిగా మార్చి గాలిని చల్లపరుచు ఏ సాధనమైనను ఆ అంకెకు దిగువకు పోజాలదు. మంచి కూలరు దానికి కొంత ఎగువన, 26 డిగ్రీల ప్రాంతమున ఆగును. ఇక సముద్రతీరమున వేడి 36 డిగ్రీలే యుండి, తేమ నూటికి 65 పాళ్ళున్నచో తడిబల్బు 30 డిగ్రీలకు చేరును. అక్కడ అదే కూలరు గాలిని 31 డిగ్రీలకు తెచ్చునేమో గాని, దానిని నీటితో నింపి ఇంచుమించు తడిముద్ద చేసి వదలును. మన పెద్దలకు ఈ అంకెలు తెలియవు. కాని కూజా తెలుసును. ఒకే మట్టితో చేసిన కూజా బళ్ళారిలో పండ్లు జివ్వుమను నీరిచ్చును, యానాములో దాహము తీర్చునంతటి నీరిచ్చును.

ఎండ చంపునని అందరికిని తెలియును. ఉక్క కూడ చంపగలదను సంగతి అంతగా తెలియదు. తడిబల్బు 35 డిగ్రీలకు చేరినచో, నీడలో ఊరక కూర్చున్న ఆరోగ్యవంతుడు సైతము తన ఒంటివేడిని వెడలగొట్టజాలడని షెర్వుడ్, హ్యూబర్ అను శాస్త్రజ్ఞులు 2010లో ప్రకటించిరి. తరువాత 2022లో అమెరికాలో యువకులపై జరిగిన పరీక్షలలో ఆ హద్దు ఇంకను దిగువనే, సుమారు 31 డిగ్రీల వద్దనే ఉన్నట్లు తేలినది. వృద్ధుల మాట వేరుగా చెప్పనక్కరలేదు. భారత వాతావరణశాఖవారు వడగాడ్పును ప్రకటించుటకు మైదానములలో 40 డిగ్రీలను కనీసముగా గ్రహించి, తీరప్రాంతమునకు 37 డిగ్రీలనే గ్రహించుటలోని మర్మము ఇదియే. 1998వ సంవత్సరపు వేసవిలో ఒడిశా రాష్ట్రమున రెండువేలమందికి పైగా వేడిమికి మృతిచెందిరి. బరంపురపు పెద్దలు ఆ యేటిని ఇప్పటికిని తలచుకొందురు.

ఇప్పుడు ఇండ్ల సంగతి చూతము. 1953 అక్టోబరు 1వ తేదీన ఆంధ్రరాష్ట్రము ఏర్పడినపుడు ఆలూరు, ఆదవాని, రాయదుర్గము తాలూకాలు మనకు వచ్చి, బళ్ళారి మైసూరు రాష్ట్రమునకు పోయినది. సరిహద్దు మారినది గాని మిద్దెలు మారలేదు. ఆ సీమలో మోరెడు మందపు రాతిగోడలు, పైన దూలములు పరచి మట్టి కప్పిన చదునైన మిద్దె, చిన్న కిటికీలు, వెలుతురుకొరకు కప్పులో ఒక గవాక్షి. పగలు తలుపులు మూసికొని వేడిని బయటనే నిలిపి, రాత్రి మిద్దెపై పండుకొనుట అక్కడి ఆచారము. గోడ పగటివేడిని త్రాగి రాత్రి కక్కును; రాత్రి గాలి చల్లనిది కావున అది బాధింపదు.

తీరమున ఈ పద్ధతి చెల్లదు. అక్కడ రాత్రియును చల్లబడదు. మే నెలలో చెన్నపట్టణమున తెల్లవారుజామునకైనను 27, 28 డిగ్రీలకు దిగువకు పోవుట అరుదు. కావున గోదావరి ప్రాంతమున మండువా లోగిళ్ళు, ఎత్తైన పెంకుకప్పులు, నాలుగు వైపుల వసారాలు, ఎదురెదురుగా తలుపులు వెలసినవి. పెంకుల సందులనుండి సహా గాలి ఆడును. ఇంటిని గాలి తాకవలెను, గాలి దాటిపోవలెను, అదియే సూత్రము. సాయంకాలము పైరగాలి మళ్ళినపుడు అరుగుమీద కూర్చున్న వానికి ఏ యంత్రమును కావలసియుండదు. యానామునందును ఇట్టి ఇండ్లే మనవారు కట్టుకొనిరి. 18వ శతాబ్దిలో అక్కడ కోఠీ పెట్టుకొన్న ఫ్రెంచివారును, 1954లో వారి యేలుబడి ముగియువరకు, ఈ గాలికి తలయొగ్గి లోతైన వసారాలే కట్టుకొనిరి. చెన్నపట్టణమున సున్నముతో సన్నని ఇటుకలను నిలువుగా పేర్చి టేకు దూలములపై వేయు కప్పు ప్రసిద్ధికెక్కి మద్రాసు టెర్రసని పేరొందెను. పై అంతస్తు వేడియెక్కక తప్పదు గాని కప్పు ఎత్తుగా ఉండుటచే ఆ వేడి తలపై కూర్చుండదు.

ఇచ్చట ఒక ఆక్షేపణము రావచ్చును. తీరమున నీటితో చల్లపరచుట పనికిరాదన్నచో, చెన్నపట్టణములోను కోస్తా జిల్లాలలోను వట్టివేళ్ళ తడికలు ఎట్లు వాడిరి? వాడినమాట నిజమే. అయితే వాటిని వాడిన దినములేవియో గమనింపవలెను. పడమటి గాలి బలముగా వీచి సముద్రపు గాలిని తీరమునకు రానీయని దినములలో కోస్తా జిల్లాలు కూడ షోలాపురమువలెనే పొడివేడితో మండును. ఆ దినములలో పడమటి ద్వారమునకు తడికలు కట్టి నీరు చల్లినచో ఇల్లు చల్లబడి పరిమళించును. గాలి తిరిగినంతనే వాటిని విప్పివేయుదురు. అనగా పూర్వులు సాధనమును గాలిని బట్టి మార్చుకొనిరి. మా అత్తగారికి కూలరు మొదటిదినమున హాయి నిచ్చి, మూడవదినమున ప్రమాదము తెచ్చుటకును కారణము ఇదియే. తడికను విప్పు జ్ఞానము ఇంటిలో నున్నది గాని కూలరును ఆర్పు జ్ఞానము దానితో పాటు లారీలో రాలేదు.

ధనవంతుల ఇండ్లలోను కచేరీలలోను గుడ్డపంకాలు వ్రేలాడెడివి. వాటి త్రాడు లాగుచు వెలుపల వసారాలో కూర్చున్న వానికి మాత్రము గాలి లేదు. 1833లో బోస్టనునుండి ఫ్రెడరిక్ ట్యూడరు అను వర్తకుని మంచుగడ్డలు ఓడమీద కలకత్తా చేరెను. శీతకాలమున అమెరికా చెరువులలో కోసిన గడ్డలను రంపపుపొట్టులో పొదిగి నాలుగు నెలల ప్రయాణము చేయించిరి. చెన్నపట్టణమునకును ఆ వ్యాపారము వచ్చెను. సముద్రపుటొడ్డున గుండ్రని గోడలతో 1842లో కట్టిన మంచుకొట్టు నేటికిని ఉన్నది. యంత్రముతో మంచు చేయుట వచ్చినపిదప, 1880 ప్రాంతమున ఆ వ్యాపారము పడిపోయెను. 1897 ఫిబ్రవరిలో స్వామి వివేకానందులు ఆ భవనమున బస చేసిరి. 1963లో దానికి వారి పేరు పెట్టిరి. అయినను తిరువళ్ళిక్కేణి ప్రాంతపు తెలుగువారు ఆ చోటును ఐస్‌హౌస్ అనియే అందురు. ఆ మంచు పానీయములకును జ్వరపు తలలకును ఉపకరించినది గాని గదులను చల్లపరచినది కాదు. కాని ఆ మంచు మనకొక కొలతను విడిచిపోయినది. నేడు ఏసీ కొనబోయిన ప్రతివాడును ఒక టన్నా, ఒకటిన్నర టన్నా యని అడుగుచున్నాడు. అది యంత్రము బరువు కాదు. 2,000 పౌన్ల మంచు, అనగా సుమారు 907 కిలోలు, ఇరువదినాలుగు గంటలలో కరగుటకు ఎంత వేడి గ్రహించునో అంత వేడిని అదేకాలములో తొలగించు శక్తికి ఒక టన్నని పేరు. ఒకటిన్నర టన్ను ఏసీ పూర్తిశక్తితో దినమెల్ల నడచినచో ఇంచుమించు 1,360 కిలోల మంచుగడ్డ చేయు పనిని చేయుచున్నదన్నమాట.

ఇక ఆ యంత్రము పుట్టుకను చూచినచో, అది మనిషి సుఖముకొరకు పుట్టలేదు. 1902లో అమెరికాలోని బ్రూక్లిన్ పట్టణమున ఒక అచ్చుకూటమున కాగితము తేమకు ఉబ్బి, తేమ తగ్గిన కుంచించుకొని, రంగుమీద రంగు సరిగా పడక చిక్కుగా నుండెను. విల్లిస్ క్యారియర్ అను యువ యంత్రశాస్త్రవేత్త ఆ గాలిలోని తేమను అదుపుచేయుటకు ఒక ఏర్పాటు కల్పించెను. చల్లనినీరు పోసిన కంచుచెంబు వెలుపల చెమర్చుట మనమెరుగుదుము. గాలిలోని ఆవిరి చల్లని లోహమును తాకి నీరై దిగును. చల్లని గొట్టములమీదుగా గాలిని పోనిచ్చి దాని తేమను దింపుటయే క్యారియర్ చేసినపని. చల్లదనము దానివెంట వచ్చినది.

దీనికి ప్రతిగా మరియొక కథ కలదు. 1906లో స్టూవర్ట్ క్రేమర్ అను నూలుమిల్లుల యింజనీరు ఎయిర్ కండిషనింగ్ అను మాటను పుట్టించెను. ఆయన కోరినది గాలికి తేమను చేర్చుట. పొడిగాలిలో నూలు తెగును గనుక. ఒకే మాటక్రింద ఒకరు తేమను తీసిరి, ఒకరు తేమను చేర్చిరి. మన షోలాపురపు పద్మశాలీలకు ఈ రెండవకథ వినినంతనే అర్థమగును. తెలంగాణమునుండి వలసపోయిన ఆ నేతగాండ్రు నేలలో గోయి త్రవ్వి గుంటమగ్గము నిలుపుకొనుటకు ఒక కారణము, మట్టిచెమ్మ పడుగును తెగనీయకుండుట. బరంపురమున పట్టు నేయు తెలుగు దేవాంగులకు ఆ బాధ తక్కువ. వారి గాలిలోనే తేమ యున్నది. మగ్గమునకు మేలు చేయు గాలి మగ్గముముందు కూర్చున్న మనిషికి మేలు చేయదు. వేసవి మధ్యాహ్నమున షోలాపురపు నేతగాడు నూలుకొరకు నేల తడుపును, బరంపురపు నేతగాడు తనకొరకు తలుపు తెరచును.

విద్యుత్తు ఫ్యాను గడచిన శతాబ్దపు మొదటి దశకములలో పట్టణములకు వచ్చి పంకాల త్రాళ్ళను తెంపివేసినది. ఫ్యాను గాలిని చల్లపరుపదు. ఒంటిమీది చెమటను ఆర్చును. తీరమున దానికి మించిన చవుకయైన ఉపకారి లేదు. పాతరకపు సీలింగు ఫ్యాను సుమారు 75 వాట్లు త్రాగగా, నేటి బీఎల్‌డీసీ ఫ్యాను 30 వాట్ల ప్రాంతమున సరిపెట్టుకొనుచున్నది. ఇంటిలో ఏసీ ఉన్నను దీనిని తీసివేయరాదు.

మన దేశమున గదుల ఏసీలు మొదట సినిమాహాళ్ళ, హోటళ్ళ, బ్యాంకుల మర్యాదగా నుండి, క్రమముగా ఇండ్లలోనికి వచ్చినవి. కిటికీలో కూర్చుండు పెట్టెకు బదులు లోపలి భాగము, బయటి భాగము వేరైన స్ప్లిట్ రకము నేడు వ్యాపించినది. ఓజోను పొరను కాపాడుటకు 1987లో జరిగిన మాంట్రియల్ ఒడంబడిక తరువాత వాయువులు మారినవి. నేడు ఆర్-32, ఆర్-290 అనునవి వాడుకలోనున్నవి. ఇవి నిప్పంటుకొను స్వభావము గలవి గాన శిక్షణ పొందిన పనివానిచేతనే బిగింపింపవలెను.

ఇప్పుడు తీరమున ఇల్లు గల సోదరులు ఏమి చూచి కొనవలెనన్న ప్రశ్న వచ్చును. 2002లో ఏర్పడిన విద్యుత్ పొదుపు సంస్థవారు (బీఈఈ) 2006నుండి నక్షత్రముల చీటీ అంటింపించుచున్నారు. ఆ నక్షత్రములు మంచివే. కాని అవి దేశమంతటికిని కలిపి, 24నుండి 43 డిగ్రీలవరకు గల వేడిని, సంవత్సరమునకు 1,600 గంటల వాడుకను లెక్కించి ఇచ్చినవి. ఆ చీటీ కరెంటు ఖర్చును చెప్పును; యంత్రము తేమను ఎంత తీయునో చెప్పదు. షోలాపురమునకును యానామునకును చీటీ ఒక్కటే.

అందుచేత తీరవాసి మొదట చూడవలసినది పరిమాణము. “పెద్దది కొన్న త్వరగా చల్లబడును” అని అంగడివారును బంధువులును చెప్పుదురు. త్వరగా చల్లబడుటయే ఇచ్చట దోషము. యంత్రములోని థర్మోస్టాటుకు వేడి తెలియును గాని తేమ తెలియదు. మితిమించిన శక్తిగల యంత్రము గదిని కొలదినిమిషములలో కోరిన అంకెకు దింపి ఆగిపోవును. గొట్టములపై పట్టిన నీరు క్రిందికి జారుటకు వ్యవధి లేక మరల గాలిలో కలియును. గది చల్లగా, జిగటగా, బూజు వాసనతో నుండును. మనవారు అంకెను ఇంకను తగ్గించి 18 చేయుదురు. ఖర్చు పెరుగును, జిగట తగ్గదు. నూట ఇరువది చదరపు టడుగుల పడకగదికి సాధారణముగా ఒక టన్ను చాలును. పై అంతస్తులో ఎండ తగులు గదికి, లేక నూట ఎనుబది అడుగులవరకు గల గదికి ఒకటిన్నర. కప్పుమీద సున్నము పూసి, పడమటి కిటికీకి నీడ కల్పించిన తరువాతనే ఈ లెక్క చేయవలెను, ముందు కాదు.

ఇన్వర్టరు రకము తన వేగమును తగ్గించుకొని విడువక నెమ్మదిగా నడచును గనుక తీరమునకు అనుకూలము. అయితే లోపలి ఫ్యానును నిదానముగా తిప్పినపుడే గొట్టము తగినంత చల్లగా నుండి నీరు దింపును. ఉక్క మిక్కుటముగా నుండి వేడి అంతగా లేని వానకాలపు రాత్రులలో డ్రై అను మీట ఇందుకే యున్నది. మన ఇండ్లలో దానిని నొక్కినవారిని నేను మిక్కిలి తక్కువగా చూచితిని. నక్షత్రపు చీటీగల ఏసీలు మొదటనే 24 డిగ్రీలకు అమర్చియుండవలెనని 2020 జనవరినుండి నిబంధన కలదు. ఫ్యాను తిప్పుకొని 26 వద్ద నుంచినను తేమ తీసిన గాలి సుఖముగానే యుండును; ఒక్కొక్క డిగ్రీ పెంచినకొలది ఖర్చు నూటికి సుమారు ఆరువంతులు తగ్గునని పై సంస్థవారి లెక్క.

దిగిన నీరు ఎంతయని తేలికగా తలచరాదు. ఉక్క దినమున ఒకటిన్నర టన్ను యంత్రమునుండి గంటకు ఒకటి రెండు లీటర్లు పడును. గొట్టమునకు వాలు చాలనిచో ఆ నీరు గోడలోనికి పోవును; పాత సున్నపు గోడలు గల యానాము ఇండ్లలో ఈ నష్టమును నేను కన్నులార చూచితిని. ఉప్పుగాలికి బయటి పెట్టె త్వరగా తినివేయబడును. రాగిగొట్టమును, రక్షణపూత గల రేకులను అడిగి తీసికొనవలెను. ఏటేట మంచినీటితో కడిగింపవలెను. సముద్రమున కెదురుగా పెట్టరాదు.

అన్నిటికంటె చిక్కైనది పాత ఇంటి సమస్య. గాలి దాటిపోవుటకై కట్టిన ఇల్లు గాలిని బంధించు యంత్రమునకు ఒదగదు. పెంకుటింట ఏసీ పెట్టినచో బయటి తేమ పెంకుల సందులనుండి ఎడతెగక వచ్చుచుండును. యంత్రము గోదావరిని తోడుచున్నట్లే. ఇల్లంతయు మూసివేసినచో పైరగాలిని పోగొట్టుకొందుము, కరెంటు పోయిననాడు ఆ ఇల్లు పొయ్యి యగును. మండువా పడగొట్టి మూడంతస్తుల కాంక్రీటు పెట్టె కట్టి, ప్రతి గదికి ఒక ఏసీ తగిలించుట నేడు యానామునను బరంపురమునను సాధారణమైనది. నేను దానిని మెచ్చుకొనజాలను. వృద్ధులు, పసిబిడ్డలు, రోగులు పండుకొను ఒక గదికి మాత్రము లోకప్పు వేయించి, సందులు పూడ్చి, చిన్న ఏసీ పెట్టి, తక్కిన ఇంటిని గాలికి వదలుట నాకు సమంజసముగా తోచును. ఏసీకి స్తోమత లేనిచోట తడిగుడ్డతో ఒడలు తుడిచి, కిటికీలు తెరచి, ఫ్యానుక్రింద పండుకొనబెట్టుట తీరమున కూలరుకంటె మేలు.

మా అత్తగారికొరకు మేము చేసినదియును అదియే. తూర్పుగదికి చెక్కతో లోకప్పు వేయించి ఒక టన్ను యంత్రము నమర్చితిమి. ఆమె దానిని రాత్రి పదిగంటలకు వేయించుకొని, వేకువనే ఆర్పించి, తలుపులు తీయించి, అరుగుమీదికి వచ్చి కూర్చుండెడివారు. ఆ తరువాత నాలుగు వేసవులు ఆమె ఆ ఇంటనే గడపిరి. కూలరును బళ్ళారిలోని మా చిన్నాన్నగారి ఇంటికి పంపితిమి. ఏటేట గడ్డి మార్చుచు వారు దానిని ఇప్పటికిని వాడుచున్నారు.